మాస్టారి జవాబులు: వేల్స్ ఇంగ్లీషుకి వేరే గది ఎందుకు?

ప్రశ్న: మాస్టారూ, నేను ఎం.ఏ. ఇంగ్లీషు చదువుతున్నాను. బ్రిటన్‌లో స్వాన్సీ యూనివర్సిటీ వాళ్ళు వేల్స్ రచయితల ఇంగ్లీషు సాహిత్యం కోసం ప్రత్యేకంగా ఒక కేంద్రం పెట్టారట. ఇంగ్లీషు డిపార్ట్‌మెంటు ఉండగా మళ్ళీ అదెందుకు? మన ఉత్తరాంధ్ర యాసకీ అలాంటిది పెట్టొచ్చా?
– పేరు వేయొద్దన్న విద్యార్థిని, ఎచ్చెర్ల

జవాబు: డిపార్ట్‌మెంటు ఉండబట్టేనమ్మా! నా ఎం.ఏ. రోజుల్లో డిలన్ థామస్ పద్యం ఒకటి పాఠంగా ఉండేది. ఆయన పుట్టింది స్వాన్సీలోనని ఎవరూ చెప్పలేదు. పరీక్షలో 'ఇంగ్లీషు కవి' అని రాశాను, మార్కులూ పడ్డాయి. పలాస జీడిపప్పుని గోవా సరుకని అమ్మేసినట్టు!

వేల్స్ వాళ్ళ సొంత మాట వెల్ష్. అది ఇంగ్లీషుకి యాస కాదు, వేరే భాష. 19వ శతాబ్దంలో అక్కడి కొన్ని బళ్ళలో వెల్ష్ మాట్లాడిన పిల్లాడి మెడలో ఒక చెక్కముక్క వేలాడదీసేవారు. ఇంకొకడు వెల్ష్‌లో నోరు జారితే అది వాడి మెడలోకి మారేది. బడి వదిలే వేళకి ఎవరి మెడలో ఉంటే వాడికి బెత్తం దెబ్బలు. (మనం నవ్వడానికి లేదు. తెలుగు మాట్లాడినందుకు పిల్లల మెడలో పలకలు కట్టిన బడి మన రాష్ట్రంలోనూ పేపర్లకెక్కింది.) దానికి తోడు బొగ్గు గనుల పనికి బయటి జనం వచ్చి పడ్డారు. 1911 జనాభా లెక్కలకే వెల్ష్ వచ్చినవాళ్ళు సగం కంటే తక్కువైపోయారు, 2021 నాటికి 17.8 శాతం. మిగతావాళ్ళు తమ ఊరి సంగతి రాసుకోవాలన్నా ఇంగ్లీషే గతి. రాస్తే లండన్ వాళ్ళకి పల్లెటూరి సరుకు, వెల్ష్ పండితులకి పరాయి సరుకు. రెంటికీ చెడ్డ రేవడి. ఇలాంటి రాతలకి పెట్టిన 'ఆంగ్లో-వెల్ష్' అన్న పాత పేరూ చాలామందికి గిట్టలేదు.

1998లో ఆ కేంద్రం పెట్టినాయన ఎం. విన్ థామస్. అమెరికా కవి వాల్ట్ విట్మన్ మీద పుస్తకం రాసిన ప్రొఫెసరు, పైగా వెల్ష్ బాగా వచ్చినవాడు. రెండిళ్ళ వంటా తెలిసిన మనిషి అన్నమాట. కేంద్రాన్ని పొడి అక్షరాల్లో 'క్రూ' అంటారు. అయితే సిలబస్‌లో ఒక నవల పెట్టాలంటే అది కొట్లో దొరకాలి కదా! చాలా నవలలు మళ్ళీ అచ్చు కాక మాయమయ్యాయి. 2006లో ప్రభుత్వ సాయంతో 'లైబ్రరీ ఆఫ్ వేల్స్' అనే వరుస మొదలైతే పాతవి కొన్ని తిరిగి బయటికొచ్చాయి.

ఇది మనకి కొత్తేం కాదు. క్రూకి ఏడాది ముందే, 1997లో, కాళీపట్నం రామారావు మాస్టారు అవార్డు డబ్బుతో శ్రీకాకుళంలో తెలుగు కథల లైబ్రరీ కథానిలయం తెరిచారు. అక్కడ నేనొక పాత పత్రిక తిరగేస్తుంటే కాగితం అంచు పొడై వేలికంటుకుంది. పేజీ మళ్ళీ తిప్పడానికి భయమేసింది. ఏ కేంద్రమైనా ముందు అలాంటి పేజీ దగ్గరే మొదలవ్వాలి. బోర్డూ, రిబ్బనూ, మంత్రిగారూ తర్వాత.

ఇక యాస సంగతి. పోలిక అక్కడ కుదరదమ్మా. కథకుడు చాసో విజయనగరం మాట రాసినా అది ఆయన తెలుగే. వేల్స్‌కి మన దగ్గర సరైన జత ఏదంటే, తన కొండ గురించి తెలుగులో రాసే సవర కుర్రాడు. ఆ లెక్కలో ఇంగ్లీషువాళ్ళం మనమే! నాకే ఈ మాట తట్టడానికి చాలా ఏళ్ళు పట్టింది. గిడుగు రామమూర్తి గారికి అప్పుడే తట్టింది. సవర నేర్చుకుని, ఆ భాషకి వ్యాకరణం రాసి 1931లో అచ్చు వేయించారు. నువ్వు కేంద్రం పెడితే మొదటి ఉద్యోగం సవర వచ్చిన మనిషికియ్యి. కుదరకపోతే నువ్వే నేర్చుకో.

ప్రశ్న: గురజాడ కూడా మొదట ఇంగ్లీషులో రాశారుగా? మరి ఆయన్ని ఏ కేంద్రంలో వేస్తారు?
– ఒక పాఠకుడు, విజయనగరం

జవాబు: రాశారు, 1883లో 'సారంగధర'. అది చూసిన కలకత్తా సంపాదకుడు శంభుచంద్ర ముఖర్జీ తెలుగులో రాయమని ఆయన్ని ప్రోత్సహించారు. గురజాడకి తిరిగి రావడానికి ఇల్లుంది. వేల్స్ కవి ఆర్.ఎస్. థామస్‌కి ఆ అదృష్టం లేదు. పెద్దయ్యాక వెల్ష్ నేర్చుకుని ఆత్మకథ అందులోనే రాశారు. పేరు 'నెబ్', అంటే 'ఎవరూ కాదు'. కవిత్వానికి మాత్రం ఇంగ్లీషు తప్పలేదు.

ప్రశ్న: వెల్ష్ ఊళ్ళ పేర్ల మొదట రెండు 'ఎల్'లు ఉంటాయి. ఎలా పలకాలి సార్?
– రిటైర్డ్ పోస్ట్‌మ్యాన్, బొబ్బిలి

జవాబు: 'ల' అనబోతున్నట్టు నాలుక ఆపి, గొంతు కదపకుండా పక్కనుంచి గాలి ఊదండి. కట్టుడు పళ్ళుంటే గట్టిగా పట్టుకోండి. నేను ప్రాక్టీసు చేస్తుంటే అరుగు మీద పిల్లి లేచి వెళ్ళిపోయింది.