దేవునికి లోబడటమంటే సొంత ఆలోచనను వదులుకోవడమేనా?

ఆలోచించవద్దని దాని అర్థం కాదు. దేవుని మాటకు మన అంచనాలను షరతుగా పెట్టవద్దని. బైబిలులో 2 రాజులు 5వ అధ్యాయంలోని నయమానునే చూడండి. సిరియా సైన్యాధిపతి అయిన ఆయన వెండి బంగారాలతో, పది జతల బట్టలతో కుష్ఠు నయం చేసుకోవడానికి వస్తే, ఇశ్రాయేలు ప్రవక్త ఎలీషా గడప కూడా దాటకుండా, యొర్దాను నదిలో ఏడుసార్లు స్నానం చేయమని కబురు మాత్రమే పంపాడు. ప్రవక్త తానే వచ్చి, దేవుని పేరు చెప్పి, రోగమున్న చోట చెయ్యి ఆడిస్తాడని ముందే ఊహించుకున్న నయమాను, దమస్కు నదులైన అబానా, ఫర్పరు ఇంతకంటే మంచివి కావా అంటూ కోపంతో వెనుదిరిగాడు. గొప్ప కార్యమేదైనా చేయమంటే చేసేవారు కదా అని సేవకులే నచ్చజెప్పారు. ఈ మాట దగ్గర నేను ప్రతిసారీ ఆగిపోతాను: కష్టమైన పనిలో మన బలాన్ని చూపుకోవచ్చు గానీ, నీళ్లలో మునగడంలో చూపుకోవడానికి ఏమీ లేదు. ఆరోసారి లేచినప్పుడు మార్పు కనిపించిందని వాక్యం చెప్పదు. ఏడుసార్లూ మునిగాకే ఆయన దేహం పసిపిల్లవాని దేహంలా అయింది.