తాళం తిరుగుతుంది, బండి కదలదు
వాహనాలు: మీ ప్రశ్నలు, మా మేస్త్రి జవాబులు

పర్లాకిమిడిలో నా షెడ్డుకి ఒడిశా బళ్లూ వస్తాయి, పాతపట్నం దాటి ఆంధ్రా బళ్లూ వస్తాయి. నంబరు ప్లేటు ఏదైనా గోల మాత్రం ఒకటే. దొంగని ఆపమని పెట్టిన సామాను సొంతదారుని ఆపేస్తోంది. ఈ నెల ఉత్తరాల నిండా అదే.

ప్రశ్న: మా కారు తాళం పైన ప్లాస్టిక్ విరిగిపోతే బజారులో కొత్త డొప్ప వేయించాను. రిమోట్ నొక్కితే తలుపులు తెరుచుకుంటున్నాయి, సెల్ఫ్ బాగా కొడుతోంది. ఇంజిన్ మాత్రం ఒక్క క్షణం అందుకుని ఆగిపోతోంది. డాష్‌బోర్డులో తాళం బొమ్మ లైటు ఆగకుండా కొట్టుకుంటోంది. పెట్రోలు పంపు మార్చాలని మెకానిక్ అంటున్నాడు. మార్చమంటారా? (ఒక స్కూలు మాస్టారు, గుణుపురం)

జవాబు: ఆగండి మాస్టారూ. ముందు పాత డొప్ప ఎక్కడుందో చెప్పండి. చెత్తలో వేసేశారా?

ఆ డొప్పలో రెండు వేర్వేరు సామాన్లుంటాయి. ఒకటి తలుపులు తీసే రిమోట్ బోర్డు, దానికి బిళ్ల సెల్ ఉంటుంది. రెండోది చిప్. కొన్ని బళ్లలో బియ్యపు గింజంత గాజు గొట్టం, కొన్నింటిలో చింతగింజ ముక్కలాంటి నల్ల బిళ్ల. దానికి సెల్ ఉండదు. తాళం పెట్టే కన్నం చుట్టూ ప్లాస్టిక్ రింగు ఉంటుంది, అందులో వెంట్రుకంత సన్నని రాగితీగ చుట్టి ఉంటుంది. తాళం తిప్పగానే ఆ చుట్ట నుంచి వచ్చే తరంగాలతోనే చిప్‌కి ప్రాణం వచ్చి తన నంబరు చెబుతుంది. నంబరు సరిపోతేనే బండిలోని కంప్యూటరు, ఇంజిన్‌కి పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్లకి పని చెబుతుంది. ఈ ఏర్పాటునే ఇమ్మొబిలైజర్ అంటారు. లేకపోతే సెల్ఫ్ ఎంత కొట్టినా దండగే. కొన్ని మోడళ్లలో సెల్ఫ్ కూడా తిరగదు.

డొప్ప మార్చినవాడు బోర్డు తీసి కొత్తదాంట్లో పెట్టాడు, చిప్‌ని పాతదాంట్లోనే వదిలేశాడని నా అనుమానం. అందుకే తలుపులు తెరుచుకుంటున్నాయి, బండి కదలడం లేదు. అది ప్లాస్టిక్‌కి అతుక్కుపోయి ఉంటుంది, ఎవరికీ కనబడదు. అతన్ని తిట్టే హక్కు నాకూ లేదు లెండి. ఓసారి నేనే ఒకరి తాళం విప్పుతుంటే గాజు చిప్ ఎగిరి ఇనప రజనులో పడింది. నేనూ కుర్రాడూ టార్చి పట్టుకుని నేలంతా జల్లెడ పట్టాం. మధ్యాహ్నం భోజనం సాయంత్రం చేశాం. అప్పటినుంచి తాళం విప్పితే కింద తెల్ల తువ్వాలు పరుస్తాను.

మీరు చేయాల్సింది ఇది. బీరువాలో ఉన్న రెండో తాళంతో స్టార్ట్ చేసి చూడండి. దానితో నడిస్తే పంపు జోలికి పోవద్దు. పాత డొప్ప దొరికితే దాన్ని తాళం కన్నం పక్కనే ఆనించి పట్టుకుని, కొత్త తాళం తిప్పండి. ఇంజిన్ అందుకుని నిలబడితే చిప్ అందులో ఉన్నట్టే. పట్టుకెళ్లి కొత్త డొప్పలో పెట్టించుకోండి. దొరక్కపోతే ఆర్‌సీ, మీ గుర్తింపు కార్డు, ఉన్న తాళం పట్టుకుని షోరూంకి వెళ్లండి, కొత్త తాళం కోడ్ చేసి ఇస్తారు. చేతిలో ఒక్క తాళమూ లేకుండా వెళితే కొన్ని మోడళ్లకి ఆ కంప్యూటరు పెట్టె మొత్తం మార్చమంటారు, జేబు ఖాళీ. రెండో తాళంతోనూ ఆగిపోతే అప్పుడు స్కానర్ పెట్టించండి. చుట్టలో తీగ తెగి ఉండొచ్చు, ఎలుక వైరు కొరికి ఉండొచ్చు.

ప్రశ్న: బయట షాపులో అలారం పెట్టించాను. అర్ధరాత్రి దానంతటదే మోగుతోంది. ఎదురింటివాళ్లతో మాటలు పోయాయి. (ఒక గృహిణి, బరంపురం)

జవాబు: అమ్మా, లారీలు తిరిగే రోడ్డు మీద ఇల్లయితే సగం తప్పు అదురుని పసిగట్టే సెన్సర్‌ది. చాలావాటికి చిన్న స్క్రూ ఉంటుంది, దాన్ని తగ్గించమనండి. రెండేళ్లకోసారి వచ్చే ఠాకురాణి జాతర రోజుల్లో డప్పులకే మీ ఊళ్లో సగం కార్లు ఏడుస్తాయి! అయినా ఆగకపోతే బోనెట్ కింది స్విచ్ చూపించండి, తుప్పు పడితే మూత తెరిచారనుకుని అలారం మోగుతుంది. మూడోది బ్యాటరీ. పొద్దున్నే స్టార్ట్ చేయకముందు మీటరు పెట్టిస్తే 12.6 వోల్టుల దగ్గర ఉండాలి. 12 కంటే తక్కువుంటే అలారానికి పిచ్చి లేవడం మామూలే.

నాకు నచ్చనిది ఒకటుంది. ఈ అలారాలు పెట్టేవాళ్లు కంపెనీ వైరు గీకి, చుట్టి, టేపు వేసి వదిలేస్తారు. గోపాల్‌పూర్ వైపు ఉప్పుగాలికి ఆ అతుకులు పచ్చగా చిలుం పట్టి ఉండడం ఎన్నిసార్లు చూశానో. వైర్లని కలిపే ప్లాస్టిక్ కప్లర్లతో బిగించమని గట్టిగా అడగండి.

ప్రశ్న: మాది బటన్ స్టార్ట్ కారు. పిల్లలతో తప్తపాని వెళ్లి తిరిగొస్తుంటే ఘాట్ రోడ్డులో టీ కోసం ఆపాం. మళ్లీ ఎక్కితే ‘కీ కనబడలేదు’ అని తెర మీద వచ్చింది. తాళం నా జేబులోనే ఉంది. గంటసేపు టెన్షన్. ఇలా మళ్లీ జరిగితే ఏం చేయాలి? (బ్యాంకు ఉద్యోగి, పర్లాకిమిడి)

జవాబు: తాళంలో సెల్ అయిపోయుంటుంది బాబూ. చాలా మోడళ్లలో ఆ తాళాన్నే స్టార్ట్ బటన్‌కి ఆనించి, బ్రేకు తొక్కి, దానితోనే బటన్ నొక్కితే పని జరుగుతుంది. సెల్ చచ్చినా లోపల చిప్ ఉంటుందిగా, మాస్టారికి చెప్పిందే. కొన్నింటికి ఆనించే చోటు వేరు, కారుతో ఇచ్చిన పుస్తకంలో బొమ్మ ఉంటుంది. తలుపు కూడా తెరుచుకోకపోతే తాళం పక్కన చిన్న మీట లాగండి, లోపలినుంచి ఇనప తాళం వస్తుంది. సెల్ ఎక్కువగా సీఆర్ 2032 రకం, గడియారాల షాపులో దొరుకుతుంది. పాతదాని మీద నంబరు చూసి కొనండి. తాళాన్నీ ఫోన్‌నీ ఒకే జేబులో కుక్కినా ఒక్కోసారి ఇలాగే మొరాయిస్తుంది.

ప్రశ్న: ఇమ్మొబిలైజర్ తీసేసి బైపాస్ చేయించుకుంటే పీడా పోతుంది కదా? అలారం ఉంటే ఇన్సూరెన్స్ తగ్గుతుందంటారు, నిజమేనా? రెండో తాళాన్ని మా చిన్నోడు ఎక్కడో పడేశాడు. (ఇచ్ఛాపురం నుంచి ఒక వ్యాపారి, కారు ఒడిశా రిజిస్ట్రేషన్)

జవాబు: బైపాస్ నేను చేయను, చేయించుకోవద్దు. తగ్గింపు ఉంది గానీ బళ్లని పరీక్షించే పుణేలోని సంస్థ ఏఆర్‌ఏఐ ఆమోదించిన సామానుకే. అదీ సొంత డ్యామేజీ ప్రీమియంలో, అంటే మీ బండి నష్టానికి కట్టే భాగంలో, రెండున్నర శాతం, 500 రూపాయలకి మించదు. దాని కోసం ఆశపడి అలారం కొనకండి.

మీ అసలు ప్రమాదం ఆ రెండో తాళం. బండి దొంగతనం పోతే క్లెయిముకి ఇన్సూరెన్స్ వాళ్లు రెండు ఒరిజినల్ తాళాలూ అడుగుతారు. ఒకటి లేదంటే తాళం బండిలోనే వదిలేశారా అని సవాలక్ష ప్రశ్నలు వేస్తారు. పోయిందని పోలీసులకి ఇప్పుడే రాసిచ్చి కాపీ తీసుకోండి, ఇన్సూరెన్స్ కంపెనీకి ఉత్తరం రాయండి, కొత్త తాళం షోరూంలోనే చేయించి బిల్లు పాలసీ కాగితాలతో కలిపి పెట్టండి. కోడ్ చేసేటప్పుడు పోయిన తాళం నంబరు కూడా చెరిపేయమనండి. ఇంకోమాట, బండి బరంపురంలో పోయి మీరు ఇచ్ఛాపురంలో ఉన్నా ఫిర్యాదు ఆపక్కర్లేదు. ఏ స్టేషన్లోనైనా జీరో ఎఫ్ఐఆర్ రాస్తారు, వాళ్లే అటు పంపిస్తారు.