గేర్‌బాక్స్ విప్పకముందు చదువు

అల్లుడూ,

నిన్న రాత్రి అక్క ఫోన్ చేసింది. నువ్వు ఆటోమేటిక్ పికప్ ఒకటి పట్టుకొచ్చినావంట. మొగిలి ఘాట్ ఎక్కేటప్పుడు గేర్ జారతాదని అమ్మినోడు తక్కువకే వదిలించుకున్నాడంట. దాన్ని నువ్వే విప్పి బాగుచేసి, తోతాపురి సీజన్‌కి బంగారుపాళెం మార్కెట్‌కి తిప్పతానంటున్నావంట. "అంతా మేనమామ బుద్ధే" అనింది. అది తిట్టో మెచ్చుకోలో అర్థం కాలేదు గానీ, ఒళ్ళు మాత్రం పొంగింది. పడుకున్నాక ఇంక నిద్ర రాలేదు.

అన్నిటికంటే ముందు ఒకటి. గేరు లీవరు 'పీ' (పార్కింగ్)లో పెట్టినా కదా అని బండి కిందికి దూరొద్దు. పీ అంటే బ్రేకు కాదురా. లోపల వేలెడంత ఇనప కొక్కెం ఒకటి పళ్ళచక్రంలో ఇరుక్కోనుంటాది, అంతే. బాక్సు నుంచి వెనక చక్రాలకి పోయే ప్రొపెల్లర్ షాఫ్ట్ నువ్వు విప్పినావంటే అది పట్టేదానికి ఏమీ మిగలదు, బండి దొర్లతాది. హ్యాండ్ బ్రేకు లాగు, చక్రాలకి ముందూ వెనకా కట్టెలు పెట్టు, స్టాండ్ల మీద నిలబెట్టు. జాకీని నమ్మొద్దు. కువైట్‌లో మా షెడ్డు పక్కనే పీలేరు పిల్లోడొకడు జాకీని నమ్మినాడు. ఆ కథ మీ అమ్మకి తెలుసు, నిన్ను వద్దనేది అందుకే. ఆమెతో వాదం పెట్టుకోవద్దు.

ఆన్‌లైన్‌లో స్కానర్ తెప్పించుకున్నావంట కదా. మంచిదే. చవక స్కానర్‌లో పీ0700 అనే తప్పు కోడ్ పడితే గేర్‌బాక్స్ పోయిందని గుండెలు బాదుకోవద్దు. గేర్‌బాక్స్ కంప్యూటర్ ఇంజన్ కంప్యూటర్‌తో "నా దగ్గర ఒక ఫిర్యాదుంది, లైటు వెయ్యి" అని చెప్పినట్టు, అంతకుమించి ఏమీ లేదు. ఆ ఫిర్యాదేందో చదవాలంటే గేర్‌బాక్స్ కంప్యూటర్‌తో మాట్లాడే స్కానర్ కావాలి. నా దగ్గరుంది. దానికంటే ముందు బ్యాటరీ ఎట్లుందో, ఎర్త్ వైరు బిగుతుగా ఉందో లేదో చూడు. కరెంటు సరిగా అందకపోతే ఈ కంప్యూటర్లు లేనిపోని మాటలు చెప్తాయి.

ఆయిల్ సంగతి. ఇప్పటి బండ్లకి చాలావాటికి ఆయిల్ ఎంతుందో లాగి చూసే గేజు కడ్డీ పెట్టడంలేదు, పక్కన చెక్ బోల్టు ఉంటాది. ఇంజన్ నడస్తా ఉండాల, ఆయిల్ ఆ బండి పుస్తకంలో రాసినంత వేడెక్కాల, అప్పుడు విప్పితే సన్నంగా కారాల. చల్లగా ఉన్నప్పుడు చూసి తక్కువుందని పోసేస్తే వేడెక్కినాక ఎక్కువైపోతాది, లోపల చక్రాలు చిలికి నురగ లేపతాయి. నురగకి ప్రెజర్ రాదు, మళ్ళీ జారతాది. ఏ ఆయిలంటే ఆ ఆయిల్ పోయొద్దు. ఒక చుక్క తెల్ల గుడ్డ మీద వేసి, రంగు చూడు, వాసన చూడు. మాడిన వాసనొస్తే క్లచ్ ప్లేట్లు కాలినట్టు.

ఈ తెల్లగుడ్డ దగ్గరే నాకు పాత పుండు గెలుక్కుంటాది.

కువైట్‌లో, షువైఖ్ షెడ్లలో పనికి చేరి మూడో ఏడు. అక్కడంతా పెద్ద పెద్ద అమెరికా పికప్పులే. 4ఎల్60-ఈ అనే బాక్సుని కళ్ళు మూసుకుని విప్పి బిగించేవాణ్ణి. రివర్సూ, రెండో గేరూ, నాలుగో గేరూ ఒకేసారి పోయినాయంటే బాక్సు లోపలి సన్ షెల్ అనే రేకు డొల్ల విరిగిందని బండి చూడకుండానే చెప్పేవాణ్ణి. అంత పొగరు. ఒకరోజు ఎడారిలో గొర్రెలు మేపుకునే ముసలాయన పికప్ తెచ్చినాడు. పొద్దున బాగుంటాది, పది నిమిషాలు పోయినాక జారతాది అన్నాడు. ఆయనకి ఇంకా ఏందో చెప్పాలని ఉండింది, చేతులు తిప్పతా ఉన్నాడు. నేను వినలేదు. గేజు లాగినా. ఎర్రగా రావాల్సిన ఆయిల్ రోజ్ మిల్క్ మాదిరి వచ్చింది.

నీళ్ళు కలిసినాయి, అది గుడ్డోడికి కూడా తెలస్తాది. ఇంజన్ కడిగేటప్పుడు పోయింటాయిలే అనుకున్నా. బాక్సు దించి విప్పినా. ప్లేట్ల మీది పొర చేత్తో గీకితే ఊడొచ్చింది. నీళ్ళు తగిలితే ఆ పొరని అంటించిన జిగురు మెత్తబడతాది. మూడు రోజులు పట్టింది. కొత్త ప్లేట్లు, కొత్త సీళ్ళు. ఎక్కించి ఇచ్చినా. ముసలాయన నా తల మీద చెయ్యి పెట్టి పోయినాడు.

ఇరవై రోజులకి బండి ఇంకో బండి మీదెక్కి వచ్చింది. గేజు లాగితే మళ్ళీ రోజ్ మిల్కే.

అప్పుడు రేడియేటర్ మూత తీసినా. పైన ఆయిల్ తేలతా ఉంది. గేర్ ఆయిల్‌ని చల్లార్చే గొట్టం ఆ రేడియేటర్ తొట్టి లోపలే ఉంటాది, దానికి సూదిమొనంత బొక్క. రేడియేటర్ నీళ్ళు (కూలెంట్) బాక్సులోకి, బాక్సు ఆయిల్ కూలెంట్‌లోకి. ముసలాయన చేతులు తిప్పింది కూడా అదే చెప్పేదానికంట, రోజూ రేడియేటర్‌లో నీళ్ళు పోస్తున్నానని. మూత తీసేదానికి అర నిమిషం చాలు. నాకు బాక్సు విప్పే తొందర.

నష్టమంతా నా జీతంలో పట్టుకున్నారు, నాలుగు నెలలు. ఆ ఏడే తిరుమలలో నీ పుట్టెంట్రుకలు. మేనమామ ఒళ్ళో కూర్చోబెట్టి తీయాల. టికెట్‌కి డబ్బుల్లేక, పనెక్కువ, లీవు లేదు అని మీ అమ్మకి అబద్ధం చెప్పినా. ఎవురి ఒళ్ళో కూర్చున్నావో నేనింతవరకూ అడగలేదు. ఈ మాట మొదట నీకే చెప్తున్నా.

అందుకే, అమ్మినోడికి మళ్ళీ ఫోన్ చెయ్. జారేది చల్లగా ఉన్నప్పుడా, వేడెక్కినాకా? ఘాట్‌లోనేనా, పూతలపట్టు రోడ్డు మీద కూడానా? రివర్సు ఎట్లా పడతాది? నీళ్ళు తగ్గతా ఉన్నాయా? ఎప్పుడన్నా తాడు కట్టి లాక్కొచ్చినారా? ఇది మాత్రం మర్చిపోవద్దు. ఇంజన్ ఆగుంటే బాక్సులో పంపు తిరగదు, చక్రాలు మాత్రం తిరగతానే ఉంటాయి, ఆయిల్ లేకుండా లోపల కాలిపోతాయి. రేపు నీది నిలిచిపోయినా బండి మీద ఎక్కించుకుని రావాల్సిందే.

నిదానంగా అరవై, డెబ్బై మీద పోతా ఉన్నప్పుడు వణికితే, యాక్సిలరేటర్ తీయకుండా ఎడమకాలితో బ్రేకుని ఊరికే తాకు. వణుకు ఆగితే కన్వర్టర్ లాకప్ మీద, అంటే ఇంజన్‌నీ బాక్సునీ కలిపి బిగించే క్లచ్ మీద అనుమానపడు. ఆగకపోతే ఇంజన్ సంగతి చూడు. ఖాళీ రోడ్డు మీదే, పక్కన ఎవురూ లేకుండా. బ్రేకు తొక్కిపట్టి ఫుల్ యాక్సిలరేటర్ ఇచ్చే పరీక్ష ఒకటుంది, ఫోన్‌లో చూసే ఉంటావు. అది నేను లేనప్పుడు చెయ్యొద్దు. చేస్తే నాతో మాట్లాడొద్దు.

ఇదంతా చూసినాక కూడా బాక్సు దించాల్సిందే అని తేలితే, దించుదాం. ఇద్దరం.

ఆదివారం తెల్లారి బస్సుకి వస్తా. స్టాండ్లు నాలుగూ, నా స్కానరూ తెస్తా. పదింటికల్లా చిత్తూరు బస్టాండ్‌కి రా, బరువుంటాయి. అంతవరకూ రేడియేటర్ మూత ఒక్కటి తీసి చూడు. ఇంజన్ చల్లారినాకరా, కాల్చుకునేవు.

మీ మామ
తిరుపతి