అంటార్కిటికా ఓడ ఎక్కబోతున్న మేనకోడలికి

అమ్మలూ,

ఏ లెన్స్ కొనమంటావు మామయ్యా అని అడిగావు. ఏదీ కొనకు, అద్దెకు తీసుకో. దూరంవాటికి 100-400 ఎంఎం జూమ్ ఒకటి, దగ్గరవాటికి 24-70 ఎంఎం ఒకటి ఉంటే సరిపోతుంది. డబ్బులు మిగిలితే రెండో కెమెరా బాడీ కూడా అద్దెకు తెచ్చుకో. రబ్బరు పడవలో ఉప్పునీటి తుంపర మీద పడుతుంటే లెన్స్ మార్చే పని పెట్టుకోకూడదు. 600 ఎంఎం పెద్ద లెన్స్ మాత్రం మోయకు. పెంగ్విన్‌కి 5 మీటర్ల దూరంలో ఉండాలని నీకు నియమం పెడతారు గానీ, ఆ నియమం పెంగ్విన్‌కి తెలియదు. నువ్వు కదలకుండా నిలబడితే అదే నీ బూట్ల దగ్గరికి వస్తుంది.

ఓడ మీద అసలు చిక్కు సామాను కాదు. ఎక్కడ ఆగాలో, ఎంతసేపు ఆగాలో నీ చేతిలో ఉండదు. గాలి, మంచు, కెప్టెన్ కలిసి తేలుస్తారు. వాళ్లు ఇచ్చే ఆ అరనిమిషానికి నీ కెమెరా ఆన్‌లో, సెట్టింగులు సరిగ్గా, మెడలో ఉండాలి. గదిలో బ్యాగులో ఉందంటే లేనట్టే.

ట్రైపాడ్ ఇంట్లోనే వదిలెయ్. ఇంజిన్ అదురు డెక్ అంతా పాకుతుంది, ట్రైపాడ్ దాన్ని తిన్నగా కెమెరాకి ఎక్కిస్తుంది. రెయిలింగ్‌కి మోచేతులు ఆనించినా అంతే. మోకాళ్లు కాస్త సడలించి, మోచేతులు ఒంటికి దగ్గరగా పెట్టుకుని తియ్యి.

అర్జెంటీనా దక్షిణ కొసనున్న ఉషువాయా రేవు నుంచి బయల్దేరాక, అంటార్కిటికాకి ముందున్న డ్రేక్ పాసేజ్ అనే సముద్రం దాటడానికి దాదాపు రెండు రోజులు పడుతుంది. చాలామంది వాంతుల టెన్షన్‌తో మంచం దిగరు. నువ్వు మాత్ర ముందే వేసుకుని వెనక డెక్‌కి వెళ్లు. ఆల్బట్రాస్‌లు అనే పెద్ద సముద్రపక్షులు ఓడ వెంటే వస్తుంటాయి. వాటిలో వాండరింగ్ ఆల్బట్రాస్ రెక్కలు చాపితే 3 మీటర్లు దాటుతుంది. రెక్క ఆడించకుండా గాలి మీద తేలుతూ, ఓడ చుట్టూ తిరిగి మళ్లీ అదే వైపు నుంచి వస్తుంది. చెయ్యి కుదరడానికి ఇంతకన్నా మంచి సాధన ఉండదు. షట్టర్ స్పీడు సెకనులో 1/2000 వంతు, ఐఎస్ఓ (వెలుగుకు కెమెరా స్పందన) ఆటో, ఫోకస్ కదిలేదాన్ని వెంటాడే కంటిన్యువస్. అక్కడ వంద ఫొటోలు పాడైనా పరవాలేదు.

హంప్‌బ్యాక్ తిమింగలం కనిపించగానే అందరూ టపటపా నొక్కేస్తారు. ఆగు. అది ఊపిరి వదులుతూ, వీపు కొద్దిగా చూపిస్తూ కొన్నిసార్లు పైకీ కిందికీ వస్తుంది. ఒకసారి మాత్రం వీపు మామూలుకన్నా ఎత్తుగా వంగుతుంది. లోతుకు దిగబోతోందన్నమాట. అప్పుడు జూమ్ కాస్త వెనక్కి లాగి, నీటి పైన జాగా వదిలి నొక్కడం మొదలుపెట్టు, తోక లేస్తుంది. నువ్వు దాని వెనక వైపు ఉంటే తోక అడుగుభాగం కనిపిస్తుంది. ఆ నలుపు తెలుపు మచ్చలు ఒక్కో తిమింగలానికి ఒక్కోలా ఉంటాయి. ఆ ఫొటోని, తిమింగలాలను గుర్తుపట్టే వెబ్‌సైటు హ్యాపీవేల్‌కి పంపితే, అంతకుముందు అదే తిమింగలాన్ని ఇంకెవరైనా ఎక్కడైనా చూశారేమో పోల్చి చెబుతారు. నాకైతే అందమైన ఫొటో కన్నా అదే ఎక్కువ సంబరం.

మంచును కెమెరా నమ్మదు, అంత తెలుపేమిటని బూడిద రంగులోకి దించేస్తుంది. ఎక్స్‌పోజర్‌ని ఒక స్టాప్ (అంటే రెట్టింపు వెలుగు) దాకా పెంచి, తెలుపు మరీ కాలిపోకుండా, వెలుగు ఎంతుందో చూపే హిస్టోగ్రామ్ గ్రాఫు చూసుకో. ఫైళ్లు ప్రాసెస్ చేయని రా (RAW) ఫార్మాట్‌లోనే తియ్యి.

ఒడ్డుకు ఒకేసారి వంద మందికి మించి దింపరు, కాబట్టి నీ వంతు వచ్చేదాకా ఓపిక పట్టాలి. పక్షుల ఫ్లూ వచ్చినప్పటి నుంచి పక్షులున్న చోట కూర్చోవడం, మోకరిల్లడం, పడుకోవడం, బ్యాగు కింద పెట్టడం కుదరదు. పెంగ్విన్ కంటి ఎత్తులో ఫొటో కావాలంటే మడత స్క్రీన్ తెరిచి కెమెరాని కిందికి దించడమే మార్గం. పడవలో కూర్చున్నప్పుడు ఎలాగూ నీటి మట్టానికి దగ్గరగానే ఉంటావు, మంచుగడ్డ మీది సీలుకు ఆ కోణమే బాగుంటుంది. పడవ నడిపేవాడు సరే అనకుండా మాత్రం లేవకు. పెంగ్విన్లు మంచులో తొక్కి చేసుకున్న దారులుంటాయి, వాటికి అడ్డం నిలబడకు.

మంచుకొండని ఒంటరిగా తీస్తే గుడిసెంతో మేడంతో తెలియదు. పక్కనుంచి ఇంకో పడవ వెళ్లేదాకా చూడు. మబ్బు పట్టిందని దిగులుపడకు, మంచులోని నీలం అప్పుడే చిక్కగా కనిపిస్తుంది. డిసెంబరులో అక్కడ పొద్దు చాలా ఆలస్యంగా గుంకుతుంది, మంచి వెలుగు రాత్రి పది దాటాకే వస్తుంది, అందుకని పగలు కాసేపు నిద్రపో.

గదిలోకి వచ్చే ముందు, బయటే, కార్డు తీసుకుని కెమెరాని జిప్ కవర్‌లో బిగించు. లోపలికి వచ్చాక గంటసేపు తెరవకు, లేకపోతే లెన్సంతా చెమ్మ పడుతుంది. అదనపు బ్యాటరీలు లోపలి జేబులో ఒంటి వెచ్చదనానికి ఉంచుకో. డ్రోన్ సంగతి నువ్వు అడగకముందే చెబుతున్నా, సరదాగా ఎగరేయడానికి ఒప్పుకోరు. రోజూ పడుకునే ముందు ఫొటోలన్నీ రెండు డిస్కుల్లోకి ఎక్కించు. ఒకటి గదిలో, ఒకటి నీ దగ్గర.

మీ మామయ్య