దించిన పద్మినికి అలైన్‌మెంట్ ఒక్కటే సరిపోదు

"పాత ప్రీమియర్ పద్మినిని ముందు వైపు ఎత్తు తగ్గించి దించాను. అప్పటి నుంచి స్టీరింగ్ కుదురుగా ఉండట్లేదు, రోడ్డు బాగా లేని చోట బండి దానంతట అదే పక్కకు ఉరుకుతోంది. వరంగల్, హనుమకొండలో చక్రాల కోణాలు సరిచేసే మంచి అలైన్‌మెంట్ షాపు చెప్పండి" అని అడిగారు. షాపు సంగతి తర్వాత. ముందు ఒక మాట వినండి: ఎంత మంచి షాపుకు పోయినా మీ పని అక్కడ అవ్వదు. మా ఇంట్లో ఇదే జరిగింది కాబట్టి ఇంత గట్టిగా చెప్తున్నా.

మా బామ్మర్దికి పెళ్లి కుదిరింది. రామప్ప దగ్గర ప్రీ వెడ్డింగ్ షూట్ పెట్టుకున్నాడు. మా మామగారి పద్మిని ఇరవై ఏళ్లుగా పద్ధతిగా నడుస్తున్న బండి. రీల్స్‌లో కార్లు నేలకు ఆనినట్టు కనబడతాయి కదా, అలా ఉండాలని ముందు కాయిల్ స్ప్రింగులు కట్టర్‌తో కోయించాడు. వెనక కమాన్ పట్టీల జోలికి పోలేదు. బండి ముక్కు వంచి నిలబడింది. ఫొటోకు బాగానే ఉంది, కాదనను.

ములుగు రోడ్డు మీద గూడెప్పాడ్ దాటాం. వడ్లు ఆరబోసే రోజులు. రోడ్డు అంచున పొడుగునా వడ్లు, మధ్యలో రాళ్లు అడ్డం. ఎడమ చక్రం తారు అతుకు మీదికి ఎక్కిందో లేదో, వాడు స్టీరింగ్ తిప్పకుండానే బండి ఎడమకు తిరిగి నేరుగా వడ్లలోకి పోయింది. కర్ర పట్టుకుని వచ్చిన పెద్దాయన అడిగిన మాట మా ఇంట్లో ఇప్పటికీ నడుస్తోంది: "కారు నడుపుతున్నవా, నాగలి దున్నుతున్నవా పిలగా?" షేర్వాణీలో ఉన్న పెళ్లికొడుకు వంగి వడ్లు కుప్ప చేస్తుంటే ఫొటోగ్రాఫర్ అదే షూట్ చేసుకున్నాడు. మొత్తం వీడియోలో చూడదగ్గది అదొక్కటే.

అంతకు ముందే వాడు అలైన్‌మెంట్ చేయించాడు. కాగితం చూపించాడు కూడా, అంకెలన్నీ పచ్చగా, అంటే కొలతలు సరే అన్నట్టు ఉన్నాయి. ఈ పచ్చ కాగితాలంటేనే నాకు మంట. రంగు చూసి డబ్బులు ఇచ్చి వస్తాం గానీ ఆ అంకె ఏంటో ఎవడూ చెప్పడు. ఆటోనగర్‌లో పాత బండ్లు చేసే ఉస్తాద్ ఒకాయన దగ్గరికి తీసుకుపోతే, ఆయన కాగితం మడిచి నా జేబులోనే పెట్టాడు. "సార్, మిషన్ ఆగిన బండిని చూస్తది. మీది ఉరికే బండి గదా" అన్నాడు. అసలు విషయమంతా ఇదే.

చక్రాన్ని పట్టుకున్న పై ఆర్మ్, కింది ఆర్మ్ పైకీ కిందికీ ఊగుతూ ఒక వంపులో తిరుగుతాయి. పక్కనున్న టై రాడ్, అంటే స్టీరింగ్ కదలికను చక్రానికి చేర్చే కడ్డీ, తన వంపులో తాను తిరుగుతుంది. కంపెనీ పెట్టిన ఎత్తులో ఈ వంపులు దాదాపు కలిసి నడుస్తాయి. బండిని దించితే ఆర్మ్‌లు, రాడ్ అన్నీ కొత్త కోణానికి వస్తాయి, వంపులు విడిపోయే చోట బండి నడవాల్సి వస్తుంది. ఇక చక్రం లేచిన ప్రతిసారీ టై రాడ్ దాన్ని లాగడమో నెట్టడమో చేస్తుంది. అంటే మీ చేతులతో పని లేకుండా రోడ్డే స్టీరింగ్ తిప్పుతుంది. బంప్ స్టీర్ అనేది ఇదే. నిలబెట్టి టో (పైనుంచి చూస్తే చక్రం ముందు అంచు లోపలికో బయటికో తిరిగి ఉండే కొలత) సరిచేస్తే ఆ ఒక్క ఎత్తులో సరిగ్గా ఉంటుంది, అంతే.

ఉస్తాద్ దీన్ని కళ్లకు కట్టినట్టు చూపించాడు. బండిని నడిచే ఎత్తులోనే స్టాండ్ల మీద కదలకుండా నిలబెట్టాడు. స్టీరింగ్‌ను తిన్నగా పెట్టి సీటుకు తాడుతో కట్టాడు. ముందు స్ప్రింగ్, షాకబ్జర్ తీసేశాడు. చక్రం విప్పి, డ్రమ్ముకు పిల్లలు ఆడుకునే లేజర్ లైటును ముందుకు చూసేలా బిగించాడు. ఎదురు గోడ మీద ఎర్ర చుక్క పడింది, దాని పక్కన పెన్సిల్ గీత. కింది ఆర్మ్ కింద జాకీ పెట్టి కొంచెం కొంచెం లేపుతుంటే చుక్క పైకి పోవడమే కాదు, బయటి వైపుకూ జరుగుతోంది. మొదట మెల్లగా, తర్వాత ఎక్కువగా. చక్రం లేచినప్పుడు డ్రమ్ము కూడా కొద్దిగా అడ్డంగా జరుగుతుంది కాబట్టి ఆ నాలుగైదు మిల్లీమీటర్లు లెక్కలోంచి తీసెయ్యాలి. తీసేసినా మిగిలింది తక్కువేం కాదు. బామ్మర్ది గోడ వైపు చూసి "అంటే ఆ రోజు నా తప్పు కాదు కదా బావా" అన్నాడు. స్ప్రింగులు కోయించింది ఎవరో మరి.

ఇంకో దెబ్బ కూడా ఉంది, దాన్ని ఎవరూ పట్టించుకోరు. ముందు మాత్రమే దించితే క్యాస్టర్ (స్టీరింగ్ తిప్పినప్పుడు చక్రం తిరిగే నిలువు గీత వెనక్కి వాలి ఉండే కోణం) తగ్గుతుంది. పద్మిని వీల్‌బేస్, అంటే ముందు వెనక చక్రాల మధ్య దూరం, 2,340 మిల్లీమీటర్లు. ముందు 40 మిల్లీమీటర్లు దిగితే బండి మొత్తం దాదాపు 1 డిగ్రీ ముందుకు వంగుతుంది, క్యాస్టర్ కూడా అంతే పోతుంది. మలుపు తిప్పాక స్టీరింగ్ తిరిగి రాకపోవడం, తిన్నని రోడ్డు మీద బండి ఊగడం దీనివల్లే. పైగా క్యాంబర్ (ముందు నుంచి చూస్తే చక్రం వాలే కోణం) మారి, చక్రం పైభాగం లోపలికి వాలి టైరు లోపలి అంచు అరిగిపోతుంది. నా లెక్కన ముందు మాత్రమే దించిన ప్రతి బండికీ ఈ జబ్బు ఉంటుంది, ఓనరుకు తెలిసినా తెలియకపోయినా.

మరి ఏం చేశాం? కోసిన స్ప్రింగులు పారేశాం. కోస్తే రింగులు తగ్గి స్ప్రింగ్ గట్టిపడుతుంది, కింద సరిగ్గా కూర్చోదు. గ్యాస్‌తో కాల్చి దించితే ఇంకా ఘోరం, ఉక్కు సత్తువ పోయి రోజురోజుకూ కుంగుతుంది. సరైన స్ప్రింగులు వేసి ముందు ఒక్క అంగుళమే తగ్గేలా చూశాం, వెనక కూడా అంతే దించాం. క్యాస్టర్ దానంతట అదే దారికి వచ్చింది. అరిగిన బుష్‌లు (ఆర్మ్‌ల కీళ్లలో ఉండే తొడుగులు), బాల్ జాయింట్లు మార్చాం. బుష్ వదులుగా ఉంటే ఏ కొలతా నిలవదు. మళ్లీ గోడ మీద చుక్క చూస్తే జరుగుడు చాలా తగ్గింది.

అంతకంటే కిందికే కావాలంటే టై రాడ్ కోణాన్నే మార్చాలి. రాడ్లు ఇరుసుకు వెనక ఉండి, చక్రం లేస్తే టో బయటికి తెరుచుకుంటుంటే రాడ్ బయటి కొసను కిందికి తేవాలి. రాడ్లు ఇరుసుకు ముందుంటే అదే పరిస్థితిలో పైకి లేపాలి. అందుకే ముందు కొలత, తర్వాత పని. టై రాడ్ ఎండ్ కూర్చునేది టేపర్ రంధ్రంలో, అంటే ఒక వైపుకు సన్నబడే రంధ్రంలో, మధ్యలో వాషర్ పెట్టి లేపుదామంటే కుదరదు. పొడుగు షాంక్ (కాడ) ఉన్న ఎండ్ కావాలి, లేదా తెలిసిన లేత్ మిషన్ ఆయనతో బోల్టు పద్ధతిలో చేయించాలి. స్టీరింగ్ ఆర్మ్‌ను కాల్చి వంచుతానన్నవాడి షెడ్డు నుంచి బండిని వెంటనే బయటికి తీయండి. అది విరిగితే చక్రం ఎటు పోవాలో అది పోతుంది.

అసలు మన రోడ్లకు ఎందుకు దించడం అన్నది నా ప్రశ్న. ప్రతి ఊరి మొదట్లో ఒక స్పీడ్ బ్రేకర్, చివర్లో ఇంకోటి, మధ్యలో ఎవరింటి ముందు వాళ్లు వేసుకున్నది వేరే. పెయింట్ ఉండదు, బోర్డు ఉండదు. దించిన పద్మిని సైలెన్సర్ అక్కడే ఊడుతుంది.

షాపు అడిగారు కదా. పేరు చెప్పను, గుర్తు చెప్తాను. మొదట టైరు గాలి చూసి, బుష్‌లు ఊపి చూసి, ఆ తర్వాతే మిషన్ పెట్టేవాడి దగ్గర చేయించండి. ఎత్తు ఖాయమయ్యాక వెళ్లండి. క్యాంబర్, క్యాస్టర్ ముందు, టో అన్నిటికంటే చివర. కంపెనీవి పాత స్ప్రింగులు ఉంటే దాచుకోండి, బండిని మళ్లీ అసలు ఎత్తుకు తేవాల్సి రావచ్చు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కంపెనీ ఇచ్చిన వివరాలకు తేడా వచ్చే మార్పులను ఒప్పుకోదు. 50 ఏళ్లు దాటాక వింటేజ్ రిజిస్ట్రేషన్ చేయించుకోవాలన్నా, 2021 రూల్స్ ప్రకారం బండి అసలు రూపంలోనే ఉండాలి.