సన్న గీతలు అచ్చులో ఎగిరిపోతే ఏం చేయాలి

తమ్ముడూ, చిన్న కామిక్స్ పత్రికకు మొదటిసారి ఆరు పేజీల కథ గీశావనీ, అచ్చులో సన్న గీతలు ఎగిరిపోయాయనీ, మాటల బుడగలు మొహాల మీదకొచ్చాయనీ రాశావు. పంతొమ్మిదేళ్లప్పుడు నాకూ ఇదే జరిగింది. పత్రిక చేతికొచ్చాక చూస్తే ముసలమ్మ మొహంలో ఒక్క ముడత లేదు. రెండు రాత్రులు కూర్చుని గీసిన ముడతలవి. ఏడుపొచ్చేసింది.

లోపం నీ చేతిలో లేదు, కొలతలో ఉంది. ఏ3లో గీసిన పేజీని ఏ4కి తగ్గిస్తే 71 శాతమవుతుంది. 0.1 మిల్లీమీటర్ల గీత 0.07కి దిగుతుంది. చవక కాగితం మీద అది నిలవదు. మొహాలకు 0.3, బయటి గీతలకు 0.5 పెన్ను గానీ బ్రష్ గానీ వాడు. ఇంకు బాగా ఆరాక పెన్సిల్ చెరిపి, 600 డీపీఐలో, అంటే అంగుళానికి 600 చుక్కల చొప్పున, బ్లాక్ అండ్ వైట్‌గా స్కాన్ చెయ్యి. గ్రేస్కేల్‌లో, అంటే బూడిద ఛాయలతో, పంపితే ప్రెస్సులో గీత చుక్కలుగా విడిపోయి అంచు మసకబారుతుంది.

బుడగల సంగతి ఇంకా ముఖ్యం. మనకు అక్షరం పైన గుడి, కింద వత్తు ఉంటాయి కదా, వరుసల మధ్య ఎడం ఎక్కువ కావాలి. 'స్త్రీ' అని రాసి చూడు, ఎంత ఎత్తు తీసుకుంటుందో తెలుస్తుంది. అందుకే ముందు మాటలు పెన్సిల్‌తో రాసుకుని, మిగిలిన చోట్లో మనుషుల్ని నిలబెట్టు. ముందు మాట్లాడేవాళ్లు ఎడమవైపు ఉండాలి. డైలాగ్ మరీ పొడుగైతే తగ్గించమని ఎడిటర్‌ని అడుగు, అందులో టెన్షన్ ఏమీ లేదు.

ఈసారి ఒక్క పేజీ గీసి, 71 శాతానికి జిరాక్స్ తీయించి చూసుకో. మిగతా ఐదూ ఆ తర్వాతే మొదలుపెట్టు.