ఎక్కువ జీతాలకు ప్రభుత్వం పరిమితి పెట్టాలా?

నేరుగా పరిమితి పెడితే పెద్దగా ఒరిగేదేమీ ఉండదని నా అభిప్రాయం. జీతానికి గీత గీస్తే డబ్బు ఇంకో దారి వెతుక్కుంటుంది. అమెరికాలో 1993లో ఒక నిబంధన తెచ్చారు: కంపెనీ పెద్దల జీతంలో 10 లక్షల డాలర్లు దాటిన భాగాన్ని ఖర్చుగా చూపించి పన్ను తగ్గించుకోకూడదు. పనితీరును బట్టి ఇచ్చేదానికి మాత్రం అప్పట్లో మినహాయింపు ఉండేది. ఇంకేముంది, కంపెనీలు స్టాక్ ఆప్షన్ల (కంపెనీ వాటాలను ముందే నిర్ణయించిన ధరకు కొనుక్కునే హక్కు) వైపు మళ్లాయి, ఆ పెద్దల మొత్తం రాబడి ఇంకా పెరిగింది.

స్విట్జర్లాండ్‌లో అయితే, ఒక కంపెనీలో అందరికంటే పై జీతం అందరికంటే కింది జీతానికి 12 రెట్లు మించకూడదన్న ప్రతిపాదనను 2013లో ఓటర్లే తిరస్కరించారు.

పైగా బాగా సంపన్నులకు డబ్బు వచ్చేది జీతం నుంచి కాదు, వాటాలు, ఆస్తుల నుంచి. వాటిపై సరైన పన్ను వేయడమే మేలు. ప్రజల సొమ్ముతో గట్టెక్కిన బ్యాంకుల సంగతి వేరు. అక్కడ పరిమితి పెట్టడం న్యాయమే.